లువీనియా పేరుతో పాడిన మనిషి

ముందు అద్దంలోనే కనబడింది. తలుపు మీది గంట మోగిందో లేదో లువీనియాకి తెలీదు, నెత్తిన బోర్లించిన డ్రయ్యరు హోరులో పిడుగు పడ్డా వినబడదు. ఎదురుగా గోడంతా పరుచుకున్న అద్దంలో ఒక ఆకుపచ్చ కోటు, కోటు పైన ముందుకు పొడుచుకొచ్చిన గెడ్డం, ఆ గెడ్డాన్ని కాస్త పక్కకి తిప్పి గదంతా కొనడానికి వచ్చినట్టు చూసే చూపు. ఆ చూపు దగ్గర గుర్తుపట్టింది. ఎర్లీన్ మోబ్లీ. పన్నెండేళ్ళ తర్వాత మేకన్ ఊళ్ళో, మిస్ ఒఫీలియా జుట్టు సర్దే కొట్లో, అదీ రేపు ఈస్టరనగా, ఊళ్ళో ఆడవాళ్ళంతా తలలు తడుపుకుని కూర్చున్న శనివారం పొద్దున. సిగ్గులేని మనిషి. లువీనియా తలకి ఇరవై రోలర్లు, మెడచుట్టూ తువ్వాలు, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే గుడ్డ చెప్పులు. ఆరడానికి ఇంకా ముప్పావుగంట ఉంది, లేచే వీల్లేదు. ఈ మనిషి ఎదురుపడే రోజు కోసం ఎన్నిసార్లు బట్టలు ఎంచుకుందో, నీలం గౌనని ఒకసారి, నల్లది వేసుకుంటే ఇంకా భయపెట్టొచ్చని ఒకసారి. ఎన్ని మాటలు కూడబెట్టుకుందో. బడి వంటింట్లో మూడొందలమంది పిల్లలకి మొక్కజొన్న రొట్టె కోస్తూ, ఒక్కో ముక్కకి ఒక్కో మాట చొప్పున నూరి పదును పెట్టుకుంది. తీరా ఆ రోజు వస్తే ఒక్క మాటా నోటికి రావట్లేదు, గుడ్డ చెప్పులు మాత్రం అద్దంలో చక్కగా కనబడుతున్నాయి.

మిస్ ఒఫీలియా నవ్వుతోంది, కొత్త మనిషి కదా, షికాగో కోటు కదా. నవ్వకు ఒఫీలియా, ఆ మొహం చూసి నవ్వకు, నీ దగ్గర తల దువ్వుకుని నీ పేరు పట్టుకుపోతుంది. ఎర్లీన్ కోటు తీసి కొయ్యకి తగిలించింది, దాని లోపలి గుడ్డ చిరిగి ఉంది, బావుంది. మెడ సన్నబడి నరాలు తేలాయి, ఇంకా బావుంది. కళ్ళ కింద సంచులు. నడుము దగ్గర ఆ ఒంపు ఏమైందే, దాన్ని చూసి ఈలలు వేసేవాళ్ళు కదా, ఎక్కడ పారేసుకున్నావు. లువీనియా ఒక్కొక్కటీ చూసి మురిసిపోతోంది, మురిసిపోవడం అయిపోయాక నోరంతా చేదుగా ఉంది. ఎర్లీన్ అద్దంలో అటూ ఇటూ చూసి, డ్రయ్యర్ల వరసలో లువీనియా దగ్గర ఆగింది. ఆశ్చర్యపడలేదు. ఎవరి కోసం వచ్చిందో ముందే తెలుసుకుని వచ్చిన మొహం అది. ఇంటికి వెళ్ళి అడిగుంటుంది, పక్కింటి ముసలాయన చెప్పి ఉంటాడు, ఆయన నోట్లో ఏదీ ఆగదు. మిస్ ఒఫీలియా ఆమెని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి తల వెనక్కి వంచింది. గొంతు బయటపెట్టి కళ్ళు మూసుకుని పడుకుంది ఎర్లీన్. ఆ గొంతు వైపు లువీనియా చాలాసేపు చూసింది.

పాట రికార్డు చేసిన టైర్ల కొట్టు వెనక గదిలో కూడా ఇలాంటి వేడే. పందొమ్మిదివందల డెబ్భై ఆగస్టు. ఫ్యాను హోరు మైకులో పడుతోందని హోరేస్ ట్విల్లీ ఫ్యాను ఆపేశాడు. పాటల బృందమంతా అతనిదే, డ్రమ్ములు అతనే, జీతమిచ్చేదీ తిట్టేదీ అతనే. గదంతా కాలిన రబ్బరు కంపు, బేసు గిటారు పిల్లాడికి చెమటకి వేళ్ళు జారుతున్నాయి. లువీనియాకి అప్పుడు ముప్పై. పాట అంటూ ఏం లేదు, ముందు రోజు సాయంత్రం తాగొచ్చి అరుగెక్కిన మనిషిని తను ఎలా దింపిందో చెబుతుంటే హోరేస్ కాళ్ళు ఆడిస్తూ విన్నాడు, ఆడిస్తూనే వెళ్ళి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు, మొదటి దెబ్బ మీద బరువంతా వేసి మిగతా మూడూ వదులుగా వదిలేశాడు. ఊఁ, చెప్పు, మళ్ళీ చెప్పు అన్నాడు. నా అరుగు దిగు, నీ టోపీ తీసుకుని దిగు. అంతే పాట. చర్చిలో పదేళ్ళు దేవుణ్ణి బతిమాలిన గొంతు మొదటిసారి ఒక మనిషిని కసిరింది, కసరడంలో ఇంత సుఖం ఉందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. రెండోసారి పాడినదే రికార్డు అయింది. తెల్ల కాగితం కవరు, బొమ్మకి డబ్బుల్లేవు. మేకన్ రేడియో వేసింది, బర్మింగ్‌హామ్ వేసింది, తర్వాత షికాగోలో ఎవరో ఒకాయన రోజుకి నాలుగుసార్లు వేస్తున్నాడని కబురొచ్చింది. ఆ తర్వాత చేసిన రెండు రికార్డులూ ఎవరూ కొనలేదు, ఫరవాలేదు, ఆ ఒక్కదాని మీదే రెండేళ్ళు తిరిగారు. తొమ్మిదిమంది, ఒక వ్యాను, కాగితంలో చుట్టిన చేప రొట్టెలు, జాక్సన్‌లో కుర్చీలు విరిగేదాకా గంతులేసిన జనం, మాంట్‌గొమరీలో దీపాలు పోతే చీకట్లోనే పాట మొత్తం పాడించుకున్న జనం. నల్లవాళ్ళకి గది ఇచ్చే హోటళ్ళు తక్కువ, ఇచ్చినచోట ఆడవాళ్ళిద్దరికీ ఒకటే మంచం. ఆ రెండో మనిషి ఎర్లీన్.

వెనక నిలబడి తోడు పాడేది. గొంతు చెడ్డది కాదు, కానీ స్వరం మీద ఎప్పుడూ నిలబడదు, కాస్త కిందే వేలాడుతుంది, లువీనియా పక్కనుంటే తెలియదు, పక్కనుంచి తప్పుకుంటే తెలుస్తుంది. అదొక్కటే రాదు దానికి, మిగతావన్నీ వచ్చు. లువీనియా మైకు ఎలా పట్టుకుంటుంది, చెమట ఏ చేత్తో తుడుచుకుంటుంది, రెండో చరణం ముందు ఎడం చెప్పు ఎలా విదిలించేస్తుంది, అన్నీ చేసి చూపించేది, వ్యానంతా పొట్టలు పట్టుకునేది, అందరికంటే లువీనియానే ఎక్కువ నవ్వేది, మళ్ళీ చెయ్యవే, ఆ చెప్పు ముక్క మళ్ళీ చెయ్యవే అని తనే అడిగేది. బుద్ధి లేదూ. దొంగకి ఇల్లంతా తిప్పి చూపించి, ఇదిగో ఈ కిటికీకి గడియ లేదని కూడా చెప్పినట్టు. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ ఎర్లీనే. ఆ సంగతి గుర్తు రాకూడదు. ఇప్పుడెందుకు వస్తోంది. పో.

నాష్‌విల్‌లో ఉండగా అమ్మకి పక్షవాతం వచ్చిందని ఫోను. డెబ్భై రెండు మార్చి, ఇంకో తొమ్మిది రోజుల్లో షికాగో, రెండువేలమంది పట్టే హాలు, గోడలకి కాగితాలు అంటించేశారు, వాటి మీద ఇంతేసి అక్షరాల్లో లువీనియా గ్రిగ్స్. బస్టాండుకి సంచి మోసుకొచ్చింది ఎర్లీన్. నువ్వెళ్ళు వీనీ, అమ్మని చూసుకో, పది రోజులేగా, నీ చోట్లోకి ఎవరూ రాకుండా నేను చూస్తాగా అంది. ఆ మాట అబద్ధం కాదు. పన్నెండేళ్ళూ ఎవర్నీ రానివ్వలేదు.

పది రోజులకి అమ్మకి నోరు పడిపోయింది. చెంచాతో పెట్టాలి, తిప్పి పడుకోబెట్టాలి, అన్న డిట్రాయిట్ నుంచి పళ్ళబుట్ట పంపాడు, వదిన ఉత్తరం రాసింది. షికాగో ప్రదర్శన మర్నాడు హోరేస్‌కి ఫోను చేస్తే గొంతు తగ్గించి మాట్లాడాడు. జనం నీ మొహం ఎప్పుడు చూశారు, వాళ్ళు వచ్చింది పేరు చూసి, పేరున్నచోట ఎర్లీన్ నిలబడింది, ఒక్కరాత్రికేగా, నువ్వొచ్చాక సర్దుకుందాం అన్నాడు. ఒక్కరాత్రి కాస్తా వారమైంది, వారం తర్వాత ఆ ఫోను తియ్యడం మానేశారు. అమ్మ నాలుగేళ్ళు బతికింది. చర్చి ఆడవాళ్ళు పీచ్ పళ్ళు వేసి కాల్చిన తీపివంటకం గిన్నె పట్టుకొచ్చి, మంచం పక్కన కూర్చుని, ఆ పాటలు పాడితే ఇలాగే అవుతుందమ్మా, దేవుడు చూస్తూ ఊరుకోడు అని చెప్పి, తిరిగి వెళ్ళేటప్పుడు గిన్నె అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. అమ్మ మంచంలోంచి వింటూ ఉండేది, కళ్ళు మాత్రం కదిలేవి. వాళ్ళ మాటలు అమ్మ నమ్మిందేమో అన్న అనుమానం లువీనియాకి ఇప్పటికీ పోలేదు. అమ్మ పోయాక కూడా తను పాడలేదు. దేవుడికి భయపడి కాదు. నోరు తెరిస్తే ముందు తిట్లే వస్తాయని.

అయినా దొంగతనం ఒక్కటే అయితే ఇంత మండేది కాదు. దోచుకున్నది సరిగ్గా వాడుకుని ఉంటే, ఛీ, పోనీలే, పాట బతికింది అనుకునేదేమో. అయిదేళ్ళ కిందట, చర్చి హాల్లో బల్లలు సర్దుతుంటే, కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య, షికాగో మనిషి, ఏదో మాటల మధ్య అంది. అక్కడొకత్తి ఉంది, సిగరెట్టు కంపు కొట్టే గదుల్లో తిరిగి పాడుతుంది, పేరు అచ్చం నీదే, మా తమ్ముడు ఒకసారి తీసుకెళ్ళాడు, అబ్బ, తోక తొక్కిన పిల్లిలా ఉందనుకో, జనం నవ్వుతున్నారు, నీకేమీ చుట్టం కాదు కదా అని అడిగింది. బల్ల అటు చివర లువీనియా పట్టుకుని ఉంది. కాదండీ, అసలు నాకు తెలీదు అంది. అని తనూ నవ్వింది. ఆ నవ్వుని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. ఎక్కడో ఊరు కాని ఊళ్ళో, నాకు తెలియని జనం, నా పేరు చెప్పుకుని నవ్వుకుంటున్నారు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. పేరు పట్టుకుపోవడం ఒక ఎత్తు. దాన్ని పట్టుకెళ్ళి వారం వారం బురదలో వేసి తొక్కడం ఒక ఎత్తు.

తొట్టి దగ్గర ఎర్లీన్ తువ్వాలు తలకి చుట్టుకుని లేచింది. మిస్ ఒఫీలియా రోలర్లు పెడుతోంది, చేతులు ఆడుతున్నాయి, నోరూ ఆడుతోంది. పొయ్యి మీద కాగుతున్న, జుట్టు సాఫు చేసే ఇనప దువ్వెన దగ్గర రెనీటా వంతు కోసం ఎదురుచూస్తూ పత్రిక తిప్పుతోంది, పందొమ్మిదేళ్ళ పిల్ల, బడిలో లువీనియా చేతి తిండి తిని పెరిగింది. మిగతా డ్రయ్యర్లన్నీ నిండి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఒక్కటే, లువీనియా పక్కది. దేవుడు చూస్తూ ఊరుకోడన్నారు కదా, ఇదిగో ఊరుకోవట్లేదు. ఎర్లీన్ వచ్చి కూర్చుంది. వేజలిను వాసన, దాని అడుగున దగ్గుమాత్రల వాసన. మిస్ ఒఫీలియా ఆమె నెత్తి మీదికి కూడా డ్రయ్యరు దించి మీట నొక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇద్దరూ భుజం భుజం ఆనేంత దగ్గరగా, ఎవరి హోరులో వాళ్ళు.

ఎర్లీన్ పెదాలు కదులుతున్నాయి. తల తిప్పలేదు, ఎదురుగా అద్దంలోకే చూస్తూ మాట్లాడుతోంది. మధ్యలో ఆగుతోంది, మింగుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. ఒకసారి కళ్ళు తుడుచుకుంది. లువీనియా ముందు పాట పాడుతోందేమో అనుకుంది, తర్వాత అర్థమైంది. క్షమాపణ. వినబడదని తెలిసే చెబుతోంది. ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న మూట, వినే చెవులు మూసి ఉన్నప్పుడు దించుకుని, చేతులు దులుపుకుని, చెప్పేశాను అనుకుని వెళ్ళిపోదామని. ఇది కూడా దొంగతనమే. లువీనియా తన డ్రయ్యరు పైకెత్తింది, మీట కొట్టింది, చెయ్యి చాచి పక్కదాని మీట కూడా కొట్టింది. కొట్లో సగం చప్పుడు ఒక్కసారి పడిపోయింది. మెడ వెనక చెమట చల్లగా తగిలింది.

"ఏమంటున్నావో ఇప్పుడు చెప్పు."

"ఏం లేదులే వీనీ."

ఆ గొంతు విని లువీనియా తిరిగి చూసింది. గొంతు కాదది, గరుకు కాగితం మీద గోరు గీసినట్టుంది. గొంతులో కంతులు పెరిగాయని, రెండుసార్లు కోశారని, రెండోసారి తర్వాత ఇంతేనని ఎర్లీన్ నెమ్మదిగా చెప్పింది. నా పేరు మీద అంతలేసి అరుపులు అరిస్తే ఉంటుందా అంది లువీనియా. ఉండదు అని ఒప్పుకుంది ఎర్లీన్. ఆ ఒప్పుకోవడమే ఇంకా ఒళ్ళు మండించింది, ఎదురు తిరిగితే బావుండేది. తర్వాత అసలు సంగతి వచ్చింది, ముక్కలు ముక్కలుగా. హోరేస్ రెండేళ్ళ కిందటి చలికాలంలో చచ్చిపోయాడు. వచ్చే నెల పన్నెండున షికాగోలో, దక్షిణం వైపు పాత థియేటర్లో, ఆ కాలం పాటగాళ్ళతో పెద్ద ప్రదర్శన, బాకాలతో సహా పూర్తి బృందం. లువీనియా గ్రిగ్స్ కావాలని అడిగారు, కాగితాలు కూడా వేశారు.

"నన్ను చూసి అడగలేదు," అంది ఎర్లీన్. "నన్ను చూసినవాళ్ళెవరూ మళ్ళీ అడగరు. ఎవరో కుర్రాడికి ఆ రికార్డు దొరికిందట. చివర్లో నువ్వు పై స్వరానికెళ్ళి అక్కడే నిలబెడతావే, అది కావాలట. అది నాకు గొంతున్నప్పుడే రాలేదు."

"అందుకని వచ్చావు."

"నువ్వొచ్చి పాడు. నేను వెనక నిలబడతాను. అదీ వద్దంటే అసలు కనబడను."

లువీనియా ఒక్కటే అడిగింది. "గొంతు బావుండి ఉంటే వచ్చేదానివా?"

ఎర్లీన్ అద్దంలోకి చూసింది, తర్వాత అద్దంలోంచి కాకుండా తిన్నగా లువీనియా వైపు తిరిగి చూసింది.

"వచ్చేదాన్ని కాదు."

పన్నెండేళ్ళలో ఆ నోట్లోంచి వచ్చిన మొదటి నిజం. లువీనియాకి ఎక్కడో తగిలింది, తగిలినచోటే నొప్పి కూడా తగ్గినట్టయింది, తగ్గనివ్వదలుచుకోలేదు. రెండువేలమంది కాకపోయినా వెయ్యిమంది, బాకాలు, వెనకనుంచి డ్రమ్ము మొదటి దెబ్బ. ఒళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడింది, లేచి నిలబడుతున్న ఒంటిని చూసి అసహ్యం వేసింది, ఇంత త్వరగానా. వెళితే జనం ఏమనుకుంటారు, అమ్మయ్య, ఈ మనిషి ఇన్నాళ్ళకి పాడటం నేర్చుకుంది అనుకుంటారు. పన్నెండేళ్ళ పిల్లికూతలు కూడా నా ఖాతాలోనే ఉంటాయి.

"స్టేజి ఎక్కి నీ పేరు నువ్వు చెప్పాలి," అంది. "నేను ఎర్లీన్ మోబ్లీని, ఇన్నాళ్ళూ ఈవిడ పేరు పెట్టుకుని పాడింది నేను అని. మైకులో."

"వాళ్ళు నన్ను బతకనివ్వరే."

"ఇన్నాళ్ళు బతికింది చాలదా? ముందు ఇక్కడ చెప్పు. ఇక్కడ మైకు కూడా అక్కర్లేదు."

మిస్ ఒఫీలియా చేతిలో దువ్వెన ఆగిపోయింది, దాని పళ్ళ మధ్య నూనెలోంచి సన్నగా పొగలొస్తున్నాయి. తొట్టి దగ్గర తల నానబెట్టుకుని ఉన్న ఒకావిడ తల ఎత్తింది, మిగతావాళ్ళు డ్రయ్యర్లు కట్టేసుకున్నారు. ఎర్లీన్ రోలర్ల తలతో లేచి నిలబడింది. కుర్చీ వీపు పట్టుకుంది. గాలికే చెబుతున్నంత చిన్నగా, కానీ కొట్లో అందరికీ వినబడేట్టే చెప్పింది. నా పేరు ఎర్లీన్ మోబ్లీ. పన్నెండేళ్ళు షికాగోలో లువీనియా గ్రిగ్స్‌నని చెప్పుకుని పాడాను. బాగా పాడలేదు. చివరి మాట లువీనియా అడగనిది.

రెనీటా పత్రిక ఒళ్ళో పెట్టుకుని ఆమె వంకా ఈమె వంకా చూసింది. వెటకారం ఏమీ లేదు పిల్లలో, నిజంగా తెలియకే అడిగింది.

"లువీనియా గ్రిగ్స్ ఎవరు? మీకేమైనా చుట్టమా, మిస్ గ్రిగ్స్?"

పుట్టి పెరిగిన ఊరు. ఈ కొట్టుకి నాలుగు వీధుల అవతలే ఆ టైర్ల కొట్టు. ఇద్దరు మనుషులు పన్నెండేళ్ళు ఒక పేరు కోసం ఒకళ్ళనొకళ్ళు పీక్కుతిన్నారు, ఒకత్తి గొంతు పోగొట్టుకుంది, ఒకత్తి గొంతు దాచుకుని కుళ్ళబెట్టుకుంది. ఆ పేరేమిటో ఈ పిల్లకి తెలీదు. తెలిసేదెలా, చెప్పిందెవరు. తను మొక్కజొన్న రొట్టె వడ్డించింది, ఇంకో ముక్క కావాలా అని అడిగింది, అంతకుమించి ఎవరికైనా ఏమైనా చెప్పిందా. కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు, ఈసారి ఎర్లీన్ మీద కూడా కాదు, ఎవరి మీద రావాలో ఆ మనిషి మీదే, తన మీదే వచ్చింది. ఎర్లీన్ నోరు తెరవబోయింది. లువీనియా చెయ్యి అడ్డం పెట్టింది.

"నేనేనమ్మా," అంది. "నీ చిన్నప్పుడు, నేను పాటలు పాడేదాన్ని."

అలాగా, అంది రెనీటా మర్యాదగా, మీరా. మిస్ ఒఫీలియా మాత్రం దువ్వెన చేత్తో పట్టుకునే, ఆ అరుగు పాటకి మేమంతా ఎలా గంతులేసేవాళ్ళమో నీకేం తెలుసే అని ఆ పిల్లకి చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తని మాట. నేను బాధపడతానని ఎత్తలేదా, ఎత్తనందుకే కదా బాధపడింది. దాని సంగతి తర్వాత చూడాలి. లువీనియా ఎర్లీన్ వైపు తిరిగింది.

"వస్తాను. నీ మీద జాలేసి కాదు, ఆ ముక్క బుర్రకెక్కించుకో. నువ్వు కనబడకుండా పోవడానికి వీల్లేదు. మైకులో చెప్పాల్సింది చెప్పి, నాకు మూడడుగుల వెనక నిలబడి, నువ్వు పాడుచేసిన పాట ప్రతి మాటా ఎలా పాడాలో మొదట్నుంచి చివరిదాకా వినాలి. అయ్యాక నీ దారి నీది. మనం స్నేహితులం కాదు."

"కాదులే," అంది ఎర్లీన్. కూర్చుంది.

డ్రయ్యరు మళ్ళీ దించుకుంది లువీనియా. మీట నొక్కింది. వేడి, హోరు, కొట్టంతా అద్దంలో మూగదైపోయింది. మిస్ ఒఫీలియా తుంటి కాస్త ఆడిస్తూ ఆ పిల్లకి ఏదో చేసి చూపిస్తోంది. వచ్చే నెల పన్నెండు అంటే ఇరవై ఒక్క రోజులు. ఎంత సులువుగా అనేసింది, వస్తానని. పన్నెండేళ్ళుగా నోరు తెరవని మనిషి. ఇక్కడైతే ఎవరికీ వినబడదు. పెదాలు కొంచెం విడదీసి, కింది నుంచి మెల్లిగా పట్టుకుని, మెట్టు మెట్టుగా ఎక్కి, పాట చివరి ఆ పై స్వరానికి చెయ్యి వేసింది. జారిపోయింది. చెవులకి వినబడలేదు గానీ గొంతులో తెలిసింది, పచ్చి కట్టె చీలినట్టు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అక్కడే. చంకల్లో చల్లటి చెమట, ఇంత వేడిలో. దేవుడా, వెయ్యిమంది ముందు.

కళ్ళెత్తేసరికి అద్దంలో ఎర్లీన్ చూస్తోంది. మొహాన్ని కాదు, గొంతుని. ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ విరిగిందో, ఆ కండరాలు చూసే కనిపెట్టింది, పాడేవాళ్ళకి చెవులక్కర్లేదు. నవ్వుతుందేమో అని లువీనియా పళ్ళు బిగించి చూసింది. ఎర్లీన్ నవ్వలేదు. ఒళ్ళో ఉన్న చెయ్యి కొంచెం ఎత్తి, అరచెయ్యి బోర్లించి, నెమ్మదిగా కిందికి దించింది. ఇంకో స్వరం కింద నుంచి మొదలుపెట్టు. ముప్పై ఏళ్ళ గొంతు కాదు నీది ఇప్పుడు.

నువ్వా నాకు చెప్పేది. నువ్వా. లువీనియా మొహం తిప్పేసుకుంది, గోడకేసి చూసింది, గోడకున్న క్యాలెండరుకేసి, అందులో ఈస్టరు లిల్లీల బొమ్మకేసి చూసింది. పిడికిలి బిగించింది. తర్వాత, ఎర్లీన్ చెప్పిందని కాదు, తనకే ముందు తట్టిందని గట్టిగా అనుకుంటూ, ఒక స్వరం కిందికి దిగి, అక్కడ నుంచి మొదలుపెట్టింది.